కవరుకిచ్చిన ఐదు రూపాయలు ఎటు పోతాయి?

భీమవరంలోనైనా కాకినాడలోనైనా సూపర్‌మార్కెట్లో బిల్లు కొట్టే చోట వినబడే మాట ఒకటే: "కవర్ కావాలాండీ?" కావాలంటే బిల్లు చివర ఓ ఐదు రూపాయలు చేరతాయి. అదే సాయంత్రం చేపల మార్కెట్లో కిలో శీలావతి ముక్కలు కొట్టించుకుంటే, అడగకుండానే ఒకదాన్లో ఒకటి దూర్చిన రెండు పల్చటి నల్ల కవర్లలో వేసి చేతికిస్తారు. వాటికి పైసా అడగరు.

ఆ ఐదు రూపాయలు పర్యావరణం పేరిట ప్రభుత్వం కట్టించుకుంటున్న రుసుమని చాలామంది నమ్మకం. అది రుసుమూ కాదు, పన్నూ కాదు. సంచి అనే సరుకుకి ధర, అంతే. కిలో పంచదారకిచ్చిన డబ్బు ఏ గల్లాలో పడుతుందో ఇదీ అందులోనే పడుతుంది.

బిల్లులో ఆ వరస ఒక్కటే తీసుకుని చూద్దాం. ప్లాస్టిక్ సంచి మీద జీఎస్టీ 18 శాతం. పన్ను కలుపుకుని రూ.5 అయితే సంచి ధర రూ.4.24, పన్ను 76 పైసలు. ఆ 76లో 38 కేంద్రానికి, 38 రాష్ట్రానికి. మిగిలిన రూ.4.24 దుకాణానిది, సంచి కొన్న ఖర్చు అందులోంచే పోవాలి. మున్సిపాలిటీ వాటా సున్నా. రేపు ఆ సంచిని చెత్తబండిలోకి ఎత్తే కార్మికుడికి గానీ, ఎల్లుండి అది తూముకి అడ్డంపడితే లాగి పారేసే కాలువ పనివాడు లస్కరుకి గానీ ఆ ఐదులోంచి చేరేదేమీ లేదు.

మందం లెక్క

మరి దుకాణదారు దోచుకుంటున్నాడా అంటే, అన్నిసార్లూ అలా అనలేం. 2022 డిసెంబర్ 31 నుంచి దేశమంతటా క్యారీ బ్యాగ్ మందం 120 మైక్రాన్లకు తగ్గకూడదు. 13 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల పొడవున్న సంచి తీసుకోండి. సెంటీమీటర్లలో 33, 41. రెండు వైపులా కలిపి 2,706 చదరపు సెంటీమీటర్లు. 120 మైక్రాన్లంటే 0.012 సెంటీమీటరు. గుణిస్తే 32.5 ఘన సెంటీమీటర్ల ప్లాస్టిక్. సంచులు చేసే ఎల్‌డీపీఈ రకం ప్లాస్టిక్ సాంద్రత 0.92 కాబట్టి బరువు దాదాపు 30 గ్రాములు. కిలోకి 33 సంచులు వస్తాయి. సరుకు కిలో రూ.150 అనుకుంటే ఒక్కో సంచికి నాలుగున్నర రూపాయలు పడుతుంది. రూ.5కి అమ్మితే మిగిలేదేమీ ఉండదు. పది రూపాయలు పెడితే మాత్రం అది వ్యాపారమే.

ఇప్పుడు చేపల కవరు. 10 అంగుళాల వెడల్పు, 12 పొడవు, మందం 20 మైక్రాన్లు అనుకుందాం. బరువు మూడు గ్రాములు కూడా తూగదు. కిలోకి 350 కవర్లు. అదే కిలో రూ.150 లెక్కన ఒక్కోటి 43 పైసలు. రెండు తొడిగినా రూపాయి లోపే. రూ.250 చేప అమ్మేవాడు రూపాయి అడిగి బేరం పోగొట్టుకోడు. అందుకే నిబంధన ఒప్పుకునే సంచికి మనం డబ్బు కడుతున్నాం, ఒప్పుకోని కవరు ఉచితంగా వస్తోంది. మందం పెంచాలన్న నిబంధన వెనకున్న ఆలోచన మంచిదే: సంచి ఖరీదైతే ఊరికే ఇవ్వరు, బరువైతే చిత్తు ఏరేవాళ్లు వదలరు. కానీ పల్చటి కవర్ల సరఫరా ఆగకపోతే ఆ ఆలోచన సూపర్‌మార్కెట్ గుమ్మం దాటి రాదు.

మందం తేల్చడానికి అధికారులే రానక్కర్లేదు. ఒకే సైజు సంచులు పది, కాటా మీద పెట్టండి. 13, 16 అంగుళాల 120 మైక్రాన్ల సంచులు పదీ కలిపి 300 గ్రాములకు అటూ ఇటూగా తూగాలి. 125 గ్రాములే వస్తే అది 50 మైక్రాన్ల పాత సరుకు. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది: పక్కల లోపలికి మడత పెట్టిన సంచి వెడల్పుని మడత విప్పకుండా కొలుస్తారు. అప్పుడు లెక్కలో విస్తీర్ణం తగ్గి, పల్చటి సంచి కూడా మందంగా ఉన్నట్టు తేలుతుంది. ఇక సంచి మీద తయారీదారు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, మందం అచ్చయి ఉండాలి. ఏమీ లేకుండా తెల్లగానో నల్లగానో ఉంటే కాటా కూడా అనవసరం.

మనవాళ్లు గుడ్డసంచి అని పిలిచే రంగురంగుల సంచుల సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. పెళ్లిళ్లలో తాంబూలం పెట్టి ఇచ్చేవి, బట్టల కొట్లో ఇచ్చేవి చాలావరకు నాన్‌వోవెన్. అది పాలీప్రొపిలీన్, అంటే అదీ ప్లాస్టిక్కే. చదరపు మీటరుకి 60 గ్రాములకు తగ్గకూడదని నియమం. ఓ చుక్క నీళ్లు వేసి చూడండి: నూలుగుడ్డ పీల్చుకుంటుంది, దీని మీద చుక్క నిలబడుతుంది. ఎండకి నాలుగు నెలలుంటే పొడిపొడిగా రాలుతుంది. అలా రాలిన పొడిని కాలువలోంచి ఏరడం ఎవరి తరమూ కాదు.

రాసి, దిద్ది, కొట్టేసిన నియమం

ప్రభుత్వం సంచికి డబ్బు తీసుకోమని ఎప్పుడూ చెప్పలేదా? రెండుసార్లు చెప్పింది. 2011 ప్లాస్టిక్ చెత్త నిబంధనల్లో చిల్లర వర్తకులెవరూ క్యారీ బ్యాగ్ ఉచితంగా ఇవ్వకూడదన్నారు. సంచి ఖర్చు, అది చెత్తయ్యాక ఎత్తే ఖర్చు రెండూ వచ్చేలా కనీస ధర నిర్ణయించే అధికారం మున్సిపాలిటీలకు ఇచ్చారు. ఆ ధరలో చెత్త ఎత్తే ఖర్చు మున్సిపాలిటీకి ఏ దారిన చేరాలో మాత్రం రాయలేదు. మాల్స్‌లో "కవర్‌కి ఎక్స్‌ట్రా" అన్న అలవాటు పాతుకుపోయింది ఈ నియమం ఆసరాతోనే. నియమం పోయింది, అలవాటు మిగిలింది.

2016 మార్చి నిబంధనల్లో 15వ నియమం ఇంకో దారి పట్టింది. ప్లాస్టిక్ సంచి ఇవ్వదలచిన దుకాణం గానీ తోపుడు బండి గానీ స్థానిక సంస్థ దగ్గర నమోదు కావాలి, నెలకి రూ.4,000 చొప్పున ఏడాదికి కనీసం రూ.48,000 కట్టాలి, "సంచులు డబ్బుకే" అని బోర్డు పెట్టాలి. కొనుగోలుదారులు సంచులకిచ్చే సొమ్మును స్థానిక సంస్థ చెత్త నిర్వహణకే వాడాలి.

చివరి వాక్యం దగ్గర ఆగండి. కొనుగోలుదారు ఇచ్చే సొమ్ము ఉండేది దుకాణం గల్లాలో. మున్సిపాలిటీకి వచ్చేది నెలకి నాలుగు వేల ఫీజు. గల్లాలోని సొమ్ము మున్సిపాలిటీ ఖాతాకి చేరే దారి నియమంలో ఎక్కడా లేదు. చేతిలోకి రాని డబ్బుని ఫలానా పనికే వాడమన్నట్టయింది. ఫీజుకీ, అమ్మిన సంచుల సంఖ్యకీ సంబంధం లేదు కాబట్టి, కట్టినవాడు ఎన్ని ఎక్కువ అమ్మితే అంత గిట్టుబాటు. ఇక మార్కెట్లో గంప దించుకుని కూరలమ్మే ఆవిడ నెలకి నాలుగు వేలు ఎక్కణ్ణుంచి తెస్తుంది? 2018 మార్చి సవరణలో ఈ నియమాన్ని పూర్తిగా తీసేశారు. ఆ తర్వాత సంచికి ధర కట్టాలన్న కేంద్ర నియమమే లేదు. 2021 ఆగస్టు సవరణ మందం పెంచింది, స్ట్రాలు, చెంచాలు, థర్మోకోల్ అలంకరణల వంటి వాటిని 2022 జులై 1 నుంచి నిషేధించింది. సంచి డబ్బు ఊసెత్తలేదు.

ఆ ఖాళీలోకి వినియోగదారుల కమిషన్లు వచ్చాయి. 2019లో చండీగఢ్‌లో మూడు రూపాయల కాగితపు సంచి మీద ఒక చెప్పుల దుకాణానికి జరిమానా పడింది. కంపెనీ పేరు అచ్చేసిన సంచిని కొనుగోలుదారు డబ్బుతోనే ఊరంతా ఊరేగిస్తున్నారు కదా అన్నది అక్కడి వాదన. 2020 డిసెంబర్‌లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఇంకాస్త స్పష్టత ఇచ్చింది: సంచికి విడిగా ధర ఉంటుందని, అది ఎలాంటి సంచో, ఎంతో, దుకాణంలోకి అడుగుపెట్టి సరుకు ఎంచుకోకముందే తెలియాలి. సరుకంతా బల్ల మీద పోశాక చెప్పడం అన్యాయమైన వ్యాపార పద్ధతి. గుమ్మం దగ్గర బోర్డు లేకపోయినా, ఇంటి నుంచి తెచ్చుకున్న సంచిని లోపలికి రానివ్వకుండా బిల్లు దగ్గర మాత్రం కవరు అంటగట్టినా ఆ బిల్లు దాచుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు. ఇది వినియోగదారు హక్కు వరకే. ఆ డబ్బు కాలువకి చేరుతుందా లేదా అన్నది కమిషన్ల ముందుకొచ్చే ప్రశ్న కాదు.

డబ్బు మూడు దారులు

బయటి దేశాల్లో ఈ డబ్బు మూడు రకాలుగా నడిచింది. ఐర్లండ్ 2002 మార్చి 4న సంచికి 15 సెంట్ల లెవీ పెట్టింది. దుకాణం వసూలు చేసి పన్నుల శాఖకు కడుతుంది, అది పర్యావరణ పనుల కోసం ఉన్న నిధికి వెళుతుంది. మనిషికి ఏడాదికి 328 సంచుల నుంచి వాడకం 21కి పడిపోయింది. కొన్నేళ్లకు జనం 15 సెంట్లకు అలవాటుపడి మళ్లీ 33కి పెరిగితే 2007 జులైలో లెవీని 22 సెంట్లు చేశారు. ఇంగ్లండ్ 2015 అక్టోబర్‌లో పెద్ద దుకాణాలకు 5 పెన్నీల ధర తప్పనిసరి చేసింది, 2021 మేలో దాన్ని 10 చేసి అన్ని దుకాణాలకూ వర్తింపజేసింది. అక్కడ డబ్బు దుకాణం దగ్గరే ఉంటుంది. మంచి పనులకు ఇస్తారని ఆశించడమే గానీ ఇచ్చి తీరాలన్న చట్టం లేదు. పెద్ద దుకాణాలు ఎన్ని అమ్మాయో ఏటా లెక్క మాత్రం చెప్పాలి.

మన గోదావరి డెల్టాకి పనికొచ్చేది మూడోది. అమెరికా రాజధాని వాషింగ్టన్ 2010 జనవరి 1 నుంచి తిండి సరుకులు, మద్యం అమ్మే దుకాణాల్లో సంచికి 5 సెంట్లు తీసుకుంటోంది. ఒక సెంటు దుకాణానికి, వసూలు చేసే శ్రమకి. మిగిలిన నాలుగూ అనకోస్టియా అనే ఒక్క నది శుభ్రత నిధికి. ఏ నీళ్లలో సంచి తేలుతుందో ఆ నీళ్ల పేరు మీదే ఖాతా.

మన దగ్గర ఇంకో డబ్బు దారి కూడా ఉంది, దాన్ని దీనితో కలిపి చూడకూడదు. 2022 ఫిబ్రవరి మార్గదర్శకాల ప్రకారం సంచి తయారీదారే తిరిగి సేకరించే బాధ్యత మోయాలి. క్యారీ బ్యాగులు అందులో రెండో కేటగిరీ. తయారీదారు రీసైక్లర్ దగ్గర, రీసైకిల్ చేసినట్టు సర్టిఫికెట్లు కొని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్లో చూపిస్తాడు. ఆ సొమ్ము తయారీదారు నుంచి రీసైక్లర్‌కి పోతుంది. చేపల కవరు చేసేవాడు పోర్టల్లో ఉండడు, తడిసి బురద పట్టిన కవరుని రీసైక్లర్ ముట్టుకోడు. కాబట్టి కాలువలో ఉన్నదానికి ఈ దారిన కూడా డబ్బు రాదు.

కవరు దిగువకి, డబ్బు ఎగువన

ధవళేశ్వరం దగ్గర గోదావరి నీళ్లు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువల్లోకి మళ్లుతాయి. అక్కణ్ణుంచి ప్రధాన కాలువ, పిల్లకాలువ, బోదె, చివరికి చేను. దారిలో ఊళ్లన్నీ కాలువ గట్టునే. పట్నంలో మురుగుబోదె కాలువలో కలిసే చోట పడిన కవరు అక్కడ ఆగదు. గుర్రపుడెక్కలో చిక్కుకుని ఆ తెప్పతో పాటు లాకుల దాకా వెళుతుంది, లాకు దాటితే కాలువ చివరి శివారుకి.

శివారు తూము దగ్గర ఏం జరుగుతుందో చూస్తే సమస్య చప్పున అర్థమవుతుంది. తూము గొట్టం నీళ్లలో మునిగి ఉంటుంది. లోపలికి పీల్చే నీళ్లతో పాటు ఒక్క కవరు వచ్చి గొట్టం మూతికి అతుక్కుంటే, వెనకున్న నీటి ఒత్తిడే దాన్ని బిళ్లలా నొక్కి పట్టేస్తుంది. కొమ్మా రెమ్మా అడ్డంపడితే సందుల్లోంచి నీళ్లు పోతాయి, కవరుకి సందు లేదు. దాళ్వాలో, అంటే రబీ పంటకి, వంతులవారీగా నీళ్లొచ్చే రోజున శివారు రైతు మొలలోతు దిగి చెయ్యిపెట్టి లాగాల్సిందే. ఇవే కాలువలు వేసవికి ముందు మంచినీటి చెరువులు నింపేవి కూడా. మిగిలినవి యనమదుర్రు లాంటి మురుగు కాలువల మీదుగా సముద్రం దారి పడతాయి.

కాబట్టి మన దగ్గర సంచి రుసుము పెడితే మొదట తేల్చాల్సింది రేటు కాదు, ఖాతా. పట్నం మున్సిపాలిటీ వసూలు చేసి తన సాధారణ నిధిలో వేసుకుంటే, పట్నం రోడ్లు ఊడ్చడానికి అయిపోతుంది. నష్టపడేది దిగువ పంచాయతీ. కాలువ జలవనరుల శాఖది, గట్టు మీది చెత్త పంచాయతీది, పైనుంచి వచ్చిన కవరు ఎవరిదీ కాదు. వాషింగ్టన్ పద్ధతి తెస్తే ఖాతా ఊరి పేరు మీద కాకుండా కాలువ పేరు మీద ఉండాలి: నరసాపురం కాలువ నిధి అంటే కాలువ మొదలయ్యే హెడ్డు నుంచి శివారు దాకా ఉన్న ఊళ్లన్నీ వేసేది, అన్నీ వాడుకునేది.

దీన్ని మున్సిపల్ కౌన్సిల్ తీర్మానంతో చేయలేం. చట్టం ఇచ్చిన అధికారం లేకుండా పన్ను వేయకూడదని రాజ్యాంగం 265వ అధికరణ చెబుతోంది. రుసుము అనాలన్నా చట్టంలో దానికి ఆధారం కావాలి, కట్టేవాళ్లకి బదులుగా అందే సేవ కనబడాలి. అంటే శాసనసభ దాకా వెళ్లాలి. 2021లో వచ్చిన చెత్త పన్ను మీద జనం ఎంత మండిపడ్డారో, 2024లో అది ఎలా రద్దయిందో చూశాక ఏ ప్రభుత్వమూ ఇంకో రుసుము మాట తేలిగ్గా ఎత్తదు. వసూలైంది ఎంత, ఏ తూము దగ్గర ఖర్చయింది అన్నది ఊరి సచివాలయం బోర్డు మీద నెలనెలా రాయకపోతే దీనికీ అదే గతి.

శాసనసభ చట్టం చేసినా యానాంకి వర్తించదు. అది పుదుచ్చేరి పాలన కింద ఉంది, చుట్టూ మన డెల్టా. రెండు ప్రభుత్వాలూ ఒకేసారి, ఒకే రేటు పెట్టకపోతే అటు చవగ్గా దొరికేది ఇటు మూటల్లో వస్తుంది.

ఎక్కడ వసూలు చేయాలన్నది ఇంకో చిక్కు. వేల కొట్ల దగ్గర వసూలు చేయడం కన్నా కిలోల లెక్కన అమ్మే హోల్‌సేల్ వ్యాపారి దగ్గర తీసుకోవడం తేలిక. కానీ అలా చేస్తే కిరాణా కొట్టువాడు ఆ పైసల్ని సరుకులో కలిపేసి కవరు ఉచితంగానే ఇస్తాడు. జనం మానేది రూపాయికి భయపడి కాదు, "కావాలా?" అని అడిగించుకున్నందుకు. బిల్లు లేని కొట్లలో ఆ ప్రశ్న అడిగించే మార్గం దొరకనంతకాలం మందం తక్కువ సరుకుని హోల్‌సేల్ గోడౌన్ దగ్గరే పట్టుకోవడం, బిల్లిచ్చే దుకాణాల్లో రుసుము వసూలు చేయడం, రెండూ జరగాలన్నది మా అభిప్రాయం.

మినహాయింపులు జాగ్రత్తగా రాయకపోతే చట్టం చిల్లుల కుండే. ఐర్లండ్ పచ్చి చేపలు, మాంసం పెట్టే చిన్న సంచుల్ని వదిలేసింది. మన దగ్గర చేపా రొయ్యా వదిలేస్తే సగం మార్కెట్ని వదిలేసినట్టు. మూతున్న స్టీలు డబ్బా తెచ్చుకుంటే ఆ పని అయిపోతుంది. డబ్బా తూకం ముందే తీసేసి కాటా సున్నాకి పెట్టడం చేపలమ్మే వాళ్లకి తెలియని విద్యేమీ కాదు. హోటల్ సాంబారు కవరు వేరే తంటా. నిబంధనల ప్రకారం క్యారీ బ్యాగ్ అంటే పట్టుకునే పిడి ఉన్నది. సాంబారు పోసి దారం కట్టిన కవరుకి పిడి లేదు. దానికి 50 మైక్రాన్ల నియమం ఒక్కటే వర్తిస్తుంది. పిడి ఉన్నదానికే రుసుమంటే రేపు కొట్లన్నీ పిడి లేని కవర్లకి మారతాయి. కడియం నర్సరీల్లో మొక్కకి చుట్టే నల్ల కవరుది ఇంకో కథ, అది సంచే కాదు, కుండీ.

కంపోస్టబుల్ అని అచ్చేసిన సంచికి మందం నియమం వర్తించదు. అది కుళ్లేది వేడి అదుపులో ఉన్న కంపోస్టు ప్లాంటులో. చల్లటి కాలువ నీళ్లలో అదీ తూముకి మూతే. దానికీ రుసుము ఉండాలి.

ఖర్చు పెట్టేటప్పుడు

ఒక పట్నంలో 200 దుకాణాలు రోజుకి 50 సంచులు అమ్ముతున్నాయనీ, సంచికి రూ.2 రుసుమనీ ఊహించండి. రోజుకి రూ.20,000, నెలకి రూ.6 లక్షలు. ఐర్లండ్‌లోలా వాడకం 90 శాతం పైగా తగ్గితే రూ.60,000 కూడా రాదు. రుసుము పనిచేస్తే ఆదాయం పోతుంది. దీని మీద జీతాలు ఆధారపెడితే రెండో ఏటికి కార్మికుల జీతం ఆగుతుంది, లేదా సంచులు అమ్మితే బాగుణ్ణని మున్సిపాలిటీయే కోరుకుంటుంది. ఒకసారి పెట్టి కొన్నేళ్లు వాడుకునే వాటికే ఈ డబ్బు సరి.

అందులో మొదటిది మురుగుబోదె కాలువలో కలిసే చోట ఇనుప ఊచల జాలీ. ఊచల మధ్య రెండంగుళాలు, నిటారుగా కాకుండా నీటి వాలుకి ఏటవాలుగా. అప్పుడే గట్టు మీంచి పళ్లకర్రతో చెత్త పైకి లాగవచ్చు. సందు ఇంకా తగ్గిస్తే ఆకులతోనే మూసుకుపోతుంది. వానాకాలంలో ఒక్కరోజు తీయకపోయినా నీళ్లు ఎగదన్ని వీధిలోకి వస్తాయి, ఆ రాత్రే ఎవరో జాలీ పీకి పారేస్తారు. అందుకే జాలీ పైకి లేపడానికి వీలైన చట్రంలో ఉండాలి, లేపే మనిషి ఎవరో పేరుతో సహా రాసి ఉండాలి. తీసిన చెత్త గట్టు మీద కుప్ప పోస్తే మొదటి గాలివానకి మళ్లీ కాలువలోకే. అది ఆరబెట్టే గచ్చు పక్కనే ఉండాలి.

జాలీ దిగ్గొట్టే పనైనా, లాకుల దగ్గర పూడికతీతైనా నీళ్లున్నప్పుడు కాదు. దాళ్వా కోతలకి కాలువలు కట్టేసి, సార్వాకి, అంటే ఖరీఫ్‌కి, మళ్లీ వదిలే లోపు వేసవిలో దొరికే కొద్ది వారాల్లోనే చేయాలి. ఏప్రిల్ 1న కొత్త ఆర్థిక సంవత్సరం మొదలై, అప్పుడు నిధులకి ఫైలు కదిలి, టెండరు పిలిచేసరికి జూన్ వచ్చి కాలువలో నీళ్లుంటాయి. అందుకే మార్చి 31న మిగిలిన సొమ్ము వెనక్కి పోకుండా ఆ కాలువ ఖాతాలోనే నిలిచేలా చట్టంలో రాయాలి. టెండర్లు జనవరిలోనే పిలవాలి. ఊచల కొలతలు తీసుకోవాల్సింది మాత్రం అంతకుముందు వేసవిలో, కాలువ అడుగు కనబడుతున్నప్పుడే.